చెవిలో పేరు చెప్పే ముందు

మన ఇళ్లల్లో బిడ్డ పుట్టాక చేసే వేడుకలన్నీ ఒక్కసారి వరసగా గుర్తు చేసుకోండి. ఇరవయ్యొకటో రోజు తొట్టెల వేస్తాం. బిడ్డ చెవి దగ్గరగా వంగి మూడుసార్లు పేరు చెబుతాం. మాటలు తొందరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు పెద్దవాళ్లు. గలగలా మాట్లాడే పిల్లను చూస్తే "వసపిట్ట" అని మురిసిపోతాం. తొట్టెకు గిలకలు కడతాం, జోల పాడతాం. కడుపులో ఉండగానే ప్రహ్లాదుడు నారదుడి మాటలు విన్నాడని, అభిమన్యుడు పద్మవ్యూహం గురించి విన్నాడని చెప్పుకుంటాం. ఆరో నెల దాటిన గర్భంలో బిడ్డకు శబ్దాలు వినిపిస్తాయని ఇప్పుడు డాక్టర్లూ చెబుతున్నారు కాబట్టి ఆ కథలు చెప్పినవాళ్లు గట్టివాళ్లే.

ఇవన్నీ బిడ్డకు వినిపిస్తుందన్న నమ్మకం మీద చేసేవే. వినిపిస్తోందా లేదా అని చూసే పని మాత్రం వీటిలో ఒక్కటీ లేదు. పుట్టగానే కళ్లు చూస్తాం, వేళ్లు లెక్కపెడతాం, ముక్కు ఎవరి పోలికో వాదించుకుంటాం. చెవుల సంగతి వచ్చేసరికి పోగులు ఎప్పుడు కుట్టించాలి అన్న దగ్గరే మాట ఆగిపోతుంది.

ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా శాశ్వతమైన వినికిడి లోపంతో పుడతారని వైద్యులు చెప్పే లెక్క. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, పిల్లల ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లలో ఇంకా ఎక్కువ. వెయ్యికి ఒకరే కదా అని వదిలేయడానికి లేదు. ఎందుకంటే పుట్టుకతో వచ్చే లోపాల్లో చూస్తే కనిపించనిది ఇది. వినిపించని బిడ్డ కూడా అందరిలాగే ఏడుస్తుంది, నవ్వుతుంది, నాలుగో నెలలో "ఊ... ఊ..." అని ఊసులు కూడా చెబుతుంది. ఆరు నెలలు దాటాక ఆ ఊసులు మెల్లగా తగ్గిపోతాయి. అప్పుడు కూడా మనం "పిల్లాడు నెమ్మదస్తుడు" అనుకుంటాం.

మా బావగారి అమ్మాయి పెద్ద కొడుకును అందరూ అలాగే మెచ్చుకున్నారు. ఆమెను మేనబావకే ఇచ్చారు. మొదటి పురుడు పాలంపేటలో, మా పక్కింట్లోనే. ప్రసవం వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. బరువు తూచారు, టీకాలు వేశారు, బిల్లు కట్టించుకుని పంపించారు. చెవుల పరీక్ష అనే మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్లాడికి నాలుగు నెలలప్పుడు శివరాత్రి వచ్చింది. మా ఊళ్లో శివరాత్రి అంటే తెలుసు కదా, రామప్ప గుడి చుట్టూ జనం, మైకులు, తెల్లవార్లూ భజనలు. పిల్లాడు ఒక్కసారి కూడా ఉలిక్కిపడకుండా నిద్రపోయాడు. "ఎంత బుద్ధిమంతుడే, తల్లిని సతాయించడు" అని వాళ్ల అమ్మమ్మ దిష్టి తీసింది.

ఏడాది దాటింది, మాట లేదు. ఎవరో అనుమానపడితే స్టీలు పళ్లెం తెచ్చి పిల్లాడి వెనక గరిటెతో కొట్టారు. తల తిప్పాడు. అందరూ గుండెల మీద చెయ్యేసుకున్నారు. ఇలా ఇంట్లో చేసే పరీక్షలు ఎందుకు మోసం చేస్తాయో తర్వాత ఆడియాలజిస్టు, అంటే చెవి పరీక్షలు చేసే నిపుణురాలు, వివరంగా చెప్పింది. పళ్లెం కొడితే బండ అదురుతుంది, ఆ అదురు పిల్లాడి ఒంటికి తెలుస్తుంది. చెయ్యి ఊపితే గాలి తగులుతుంది, నీడ కదులుతుంది. ఎదురుగా కూర్చున్న తల్లి కళ్లు పళ్లెం వైపు తిరిగితే పిల్లాడూ అటే చూస్తాడు. వినికిడి లేని పిల్లల కళ్లు చాలా చురుకు. పైగా కొంతమందికి పళ్లెం మోత వినిపిస్తుంది, మామూలు గొంతుతో అన్న మాట వినిపించదు. మాట నేర్చుకోవాలంటే మోత వినపడితే చాలదు, "తాత"కీ "పాప"కీ తేడా వినపడాలి.

రెండేళ్లకు కూడా మాటలు రాకపోతే మా అక్క, అంటే నా తోడికోడలు, "మా తమ్మునికి గూడ మూడేండ్లకు గాని మాటలు రాలే. మగపిలగాండ్లకు గట్లనే ఆలస్యం. ఏంగాదు" అంది. ఇంకొకరు నాలుక కింద తీగ ఉందేమో కోయించమన్నారు. చూపించిన ఒక డాక్టరు కూడా మూడేళ్ల దాకా ఆగి చూద్దామన్నాడు. చివరికి రెండున్నరేళ్లప్పుడు హైదరాబాద్ తీసుకెళ్లి, నిద్రమందు వేసి, తలకు వైర్లు అంటించి బెరా పరీక్ష చేయించారు. రెండు చెవులూ దాదాపు పూర్తిగా లేవు. ఆ రోజు ఆ పిల్ల ఫోన్లో ఏడవలేదు. "చిన్నమ్మా, రెండున్నరేండ్లు పాడిన జోల వానికి ఒక్కటి గూడ ఇనబడలే" అంది అంతే. నాకు ఆ మాట ఇప్పటికీ ఒంట్లో ముల్లులా ఉంది.

మూడున్నరేళ్లకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయింది. చెవి వెనక ఎముకలో ఒక పరికరం పెట్టి, దాని సన్నని తీగను లోపల నత్తగుల్లలా ఉండే కాక్లియాలోకి పంపిస్తారు. బయట ఒక మిషన్ తలకు అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. లక్షల్లో ఖర్చు. ఆరోగ్యశ్రీలో దీనికి చోటుంది కాబట్టి మనలాంటి కుటుంబాలు చేయించుకోగలుగుతున్నాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ ఈ ఆపరేషన్లు చేస్తారు. అయితే ఆపరేషన్‌తో పని అయిపోదు, అక్కడి నుంచి మొదలవుతుంది. వారం వారం స్పీచ్ థెరపీ, ఇంట్లో రోజంతా మాటలు. నీళ్లు పోస్తే "నీళ్లు", తలుపు తీస్తే "తలుపు", ఒక్కో మాట వందసార్లు. ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నాడు, మాట్లాడతాడు, పోట్లాడతాడు. కానీ తోటి పిల్లలు నాలుగు మాటలు అనేలోపు వీడికి రెండే అందుతాయి. సందడిలో ఇంకా తికమక పడతాడు. వాడి తెలివిలో లోటేమీ లేదు. పోయిందల్లా మొదటి మూడున్నరేళ్లు.

ఆ మొదటి ఏళ్లు ఎందుకంత ముఖ్యమో వివరంగా చెప్పాలి. మాటను అర్థం చేసుకునే మెదడు భాగం పుట్టిన దగ్గర్నుంచీ శబ్దాలను తీసుకుంటూనే పెరుగుతుంది. శబ్దం అందకపోతే ఆ చోటు ఊరికే ఖాళీగా ఎదురుచూడదు, చూపు లాంటి వేరే పనులకు సర్దుకోవడం మొదలుపెడుతుంది. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో అనే ఆవిడ, తోటి పరిశోధకులు 150 మంది వినికిడి లోపం ఉన్న పిల్లలను పరిశీలించి 1998లో ఫలితం ప్రకటించారు. ఆరు నెలల లోపు లోపం బయటపడి సాయం అందిన పిల్లల భాష, ఆ తర్వాత బయటపడిన పిల్లల భాష కంటే ఎంతో మెరుగ్గా ఉంది. లోపం ఎక్కువా తక్కువా అన్నదాని కంటే ఎప్పుడు తెలిసింది అన్నదే తేడా తెచ్చింది. అందుకే ప్రపంచమంతా 1-3-6 అనే లెక్క పెట్టుకున్నారు. నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు మిషనో, శిక్షణో మొదలు.

ఆ మొదటి పరీక్ష ఎంత చిన్నదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. దాని పేరు ఓఏఈ. మనం శబ్దం వింటే చెవి లోపలి సన్నని కణాలు కదిలి, అవి కూడా చాలా సన్నని శబ్దాన్ని తిరిగి బయటికి పంపుతాయి. చెవి తానే బదులు పలుకుతుందన్నమాట. లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త 1978లో ఈ సంగతి బయటపెట్టాడు. అంతకుముందు బిడ్డ వింటోందా అని తెలుసుకోవాలంటే ఎక్కువగా బిడ్డ కదలికను చూసి ఊహించేవాళ్లు. ఇప్పుడు చెవిలో మెత్తని చిన్న బిరడా లాంటిది పెట్టి, టక్ టక్ మనే శబ్దం పంపి, బదులు వచ్చిందా లేదా అని మిషనే చూస్తుంది. సూది లేదు, మందు లేదు, నొప్పి లేదు. పాలు తాగి నిద్రపోయే బిడ్డకు రెండు చెవులకూ కలిపి కొన్ని నిమిషాలు చాలు. మిషన్ మీద "పాస్" అని గానీ "రిఫర్" అని గానీ వస్తుంది.

"రిఫర్" అని వస్తే గుండె జారిపోనక్కర్లేదు. అంటే చెవుడు అని కాదు, మళ్లీ చూడాలి అని. పుట్టిన మొదటి రోజు చెవి దారిలో ఉమ్మనీరు, తెల్లని జిగురు ఉంటాయి, వాటివల్ల శబ్దం లోపలికి పోదు. అందుకే రెండో రోజు, మూడో రోజు చేస్తే మేలు. మొదటిసారి రిఫర్ వచ్చిన పిల్లల్లో చాలామంది రెండోసారి పాస్ అవుతారు. అసలు చిక్కు అంతా ఆ రెండోసారి వెళ్లడం దగ్గరే ఉంది. ఆ చిక్కు మా ఇంట్లోనే చూశాం.

ఆ పిల్లకు రెండో కాన్పు ఆడపిల్ల. ఈసారి ఆమె ముందే అడిగి, చెవుల పరీక్ష చేసే ఆసుపత్రినే వెతుక్కుంది. మూడో రోజు పరీక్ష చేశారు. రెండు చెవులూ రిఫర్. రెండు వారాలకు మళ్లీ తీసుకురమ్మన్నారు. ఇంటికి రాగానే మొదలైంది గొడవ. పాలంపేట నుంచి వరంగల్ అంటే జంగాలపల్లి, ములుగు మీదుగా డెబ్బై కిలోమీటర్లు. "పురుడు గూడ ఎల్లకముందే బాలెంతను బయిటికి తీస్తరా? గాలి తగిలితే ఎట్ల? ఇరవయ్యొక్క దినాలు అయినంక చూద్దాం" అంది మా అక్క. ఆమె మాటలో చెడు లేదు. బాలింత చెవుల్లో దూది, తలకు గుడ్డ, గది దాటనివ్వకపోవడం ఇవన్నీ తల్లినీ బిడ్డనూ కాపాడుకోవడానికి పెట్టుకున్నవే. కానీ ఇరవయ్యొకటి అయ్యాక తొట్టెల, తొట్టెల అయ్యాక మంచిరోజు, ఆ తర్వాత అత్తగారింటికి. అలా జరుగుతూ జరుగుతూ ఏడాది అవుతుంది. ఊళ్లల్లో రెండో పరీక్ష తప్పిపోయేది ఇక్కడే. ఎవరూ వద్దని అనరు, రేపు అంటారు అంతే.

ఆ రాత్రి ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "చిన్నమ్మా, పెద్దోనికి పోయిన రెండున్నరేండ్లు దీనికి పోనియ్య. నువ్వు అమ్మకు చెప్పు" అంది. నేను అక్క పక్కన కూర్చుని ఎక్కువ మాట్లాడలేదు. "అక్కా, తొట్టెల నాడు నువ్వు దాని చెవిల పేరు జెప్తవు. అది ఇనాలె గదా" అన్నాను. ఆమె చాలాసేపు ఊరుకుంది. తెల్లారి తనే కారు మాట్లాడమని బావగారికి చెప్పింది. బిడ్డకు స్నానం పోసేటప్పుడు చెవుల్లో నూనె చుక్కలు వేసే అలవాటు కూడా ఆ రోజు నుంచి మానేసింది. నూనె చెవికి మంచిది కాదు, పరీక్షకూ అడ్డమని ఆసుపత్రిలో గట్టిగానే చెప్పారు.

రెండోసారీ రిఫరే వచ్చింది. మూడు నెలలు నిండకముందే బెరా చేయించారు. లోపం ఉంది, అన్నకు ఉన్నంత లేదు. ఐదో నెలలో చిన్న చిన్న మిషన్లు పెట్టారు. పిల్ల పెరుగుతుంటే చెవీ పెరుగుతుంది కదా, లోపల పెట్టే అచ్చు కొన్ని నెలలకోసారి మార్చాలి. పీకి పారేస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది. ఒకసారి ఇల్లంతా వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది. అయినా పెట్టిన కొద్దిరోజులకే తల్లి గొంతు వినగానే కాళ్లు కొట్టడం ఆగి, కళ్లు పెద్దవి చేసి వెతకడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏడాదిన్నర. "అత్త", "తాత", "దా" అంటుంది. "వద్దు" అనడం మహా గట్టిగా నేర్చింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య తేడా లోపం ఎక్కువ తక్కువలో కొంత ఉంది, నిజమే. మిగతా తేడా అంతా మూడో రోజున చేసిన ఆ చిన్న పరీక్షది.

మేనరికం సంగతి కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. ఇద్దరికీ లోపం రావడానికి జన్యువులే కారణమని, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం కలిస్తే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుందని డాక్టరు చెప్పారు. దగ్గరి సంబంధాల్లో అలా కలవడం ఎక్కువ. అయిన పెళ్లిళ్లను ఏమీ చేయలేం, కానీ మేనరికం ఇంట్లో బిడ్డ పుడితే చెవుల పరీక్ష మాత్రం తప్పించుకోకూడదు. ఇవి కాక, గర్భంతో ఉండగా తల్లికి రుబెల్లా రావడం, బిడ్డకు రక్తం మార్చేంత కామెర్లు, మెదడువాపు లాంటి జబ్బులు, కొన్ని బలమైన మందులు కూడా వినికిడిని దెబ్బతీస్తాయి. ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లలకు ఓఏఈ ఒక్కటే చాలదు. చెవి బాగున్నా శబ్దం మెదడుకు చేరని లోపం కొందరిలో ఉంటుంది. వాళ్లకు బెరా తరహా పరీక్ష అడగాలి. అయితే కారణాలేవీ లేని ఇళ్లల్లోనూ ఇలాంటి పిల్లలు పుడతారు. అందుకే అనుమానం ఉన్నవాళ్లకే కాకుండా పుట్టిన ప్రతి బిడ్డకూ చేయాలి.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2006-07లోనే మొదలైంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, అంటే అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లలను చూసే ఆ డాక్టర్ల బృందాల పథకంలో, పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఉంది. కొచ్చిలో పిల్లల డాక్టర్ల సంఘం 2003లోనే ఒక చక్కటి దారి చూపింది. ప్రతి ఆసుపత్రీ మిషన్ కొనలేదు కాబట్టి, ఒక మిషన్ పట్టుకుని మనిషే వంతులవారీగా ఆసుపత్రులకు తిరిగి పిల్లలను పరీక్షించేలా ఏర్పాటు చేశారు. మన దేశంలోనే తయారైన తక్కువ ఖర్చు పరికరం "సోహమ్" 2017లో విడుదలైంది. అంటే దారీ ఉంది, పరికరమూ ఉంది. ప్రతి కాన్పుల వార్డులో ఒక నిశ్శబ్దమైన గది, చేసే మనిషి, రిఫర్ వచ్చిన తల్లికి ఫోన్ చేసి పిలిచే ఒక గొంతు కావాలి. ఆశా కార్యకర్త టీకాల కార్డు చూసి "ఈ టీకా మిగిలింది" అని గుర్తు చేసినట్టే, "చెవుల పరీక్ష మిగిలింది" అని కూడా అడిగే రోజు రావాలి.

అది వచ్చేదాకా మనమే అడగాలి. ఇంట్లో కూతురో కోడలో కడుపుతో ఉంటే, తొమ్మిదో నెలలోనే "మీ దగ్గర పుట్టిన పిల్లలకు ఓఏఈ చేస్తారా?" అని ఆసుపత్రిలో కనుక్కోండి. లేదంటే నెల లోపు ఎక్కడ చేయించాలో అక్కడే రాయించుకోండి. రిజల్టు కాగితం టీకాల కార్డుతో కలిపి పెట్టండి. రిఫర్ వస్తే రెండో తేదీని పురుడు, తొట్టెల ఆపకుండా చూసుకోండి. పాస్ వచ్చినా కళ్లు తెరిచే ఉంచండి, కొందరికి లోపం తర్వాత వస్తుంది. ఆరు నెలలకు శబ్దం వైపు తల తిప్పాలి, తొమ్మిది పది నెలలకు "బబ్బబ్బ", "దద్దద్ద" అనాలి, ఏడాదికి పేరు పిలిస్తే చూడాలి. లేకపోతే పళ్లెం కొట్టకండి, ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఈ పిల్లల కోసమే.

మొన్న ఒక పెళ్లిలో చిన్నదాని చెవుల మిషన్లు చూసి ఒకావిడ, "అయ్యో, ఆడపిల్లకు గివేంది? రేపు పెండ్లెట్ల?" అంది. నేనేదో అనబోయేలోపే మా అక్క అందుకుంది. "మా ఆయనకు కండ్లద్దాలు లేవా? గివి గూడ గంతే" అని, మనవరాలి జుట్టు చెవుల మీద పడకుండా వెనక్కి దువ్వి క్లిప్పు పెట్టింది. మిషన్లు రెండూ బాగా కనబడుతున్నాయి. ఎర్ర రంగువి. రంగు ఎంచింది కూడా ఆమేనట.